తీసివేతకు కారణం

మా ఆపరేటింగ్ సిస్టంలో ఏ పనిముట్లు ఉండాలో చెప్పే జాబితా నా చేతిలో ఉంటుంది. అందులో ఒక వరుస కొట్టేస్తే కొత్త విడుదలలో ఆ పనిముట్టు ఉండదు. జాబితాలో లేనిది మా ఆఫీసు మిషన్ల మీద కూడా పెట్టుకోకూడదు.

ఈసారి మేనేజరు కొట్టేయమన్నది డీబగ్గర్‌ని, అంటే ప్రోగ్రాములో తప్పు ఎక్కడుందో పట్టిచ్చేదాన్ని. దాని సోర్సు ఎవరైనా తెరిచి చూడవచ్చు, మార్చుకోవచ్చు. దాని బదులు ఒక కంపెనీ తన డీబగ్గర్ ఇస్తోంది, పక్కన మరొకటి ఉండకూడదన్న షరతుతో. పైన పటారమే, లోన లొటారమో కాదో చూడటానికి మాత్రం వీల్లేదు.

చిక్కల్లా బావతో. మా అక్క భర్త, ఆఫీసులో నా ఎదురు బల్ల. నాలుగేళ్ల కిందట చూపు పోయింది. పాత డీబగ్గర్‌ని, తప్పున్న వరుస పైకి చదివేలా తనే మార్చుకుని ఉద్యోగం నిలబెట్టుకున్నాడు. కొత్తది రంగులు చూపిస్తుందే తప్ప నోరు విప్పదు.

మా దగ్గర ఏది తీసేయాలన్నా కారణం రాయాలి, రెండో మనిషి ఆమోదించాలి. పనిముట్ల విషయంలో ఆ రెండో మనిషి బావే. “డిస్కులో చోటు చాలక” అని సిగ్గులేకుండా రాసి పంపాను.

పది నిమిషాల్లో తిరిగొచ్చింది. చోటు ఉంది, కొలిచాను, సరైన కారణం రాయగలరు అని కింద రాశాడు. ఇంట్లో మరదలు పిల్లా అని ఏడిపించే మనిషి ‘రాయగలరు’ అనేసరికి ప్రాణం చివుక్కుమంది.

వెళ్లి, నువ్వు కాదంటే ఆగిపోతుంది బావా అన్నాను.

“అది నా నెత్తిన రుద్దకు. నిజం రాయి, నేను చూస్తా.”

రాశాను. కంపెనీతో ఒప్పందం కోసం తీసేస్తున్నాం. దీనివల్ల మనలో ఒకరు పని చేయలేరు. తెలిసే తీసేస్తున్నాను.

బావ ఇయర్‌ఫోన్లు పీకేశాడు. తెర మీది రాతల్ని అతనికి చదివిపెట్టే మిషన్ గొంతు నా మాటల్ని గదంతా వినిపించింది. ఎవరూ తలెత్తలేదు. ఇంకోసారి విని, ఆమోదించాడు.

“ఇప్పుడు సరిగ్గా రాశావ్. కొట్టెయ్.”

ఆఖరి మీట నాదే. నొక్కలేదు. తీసివేతని వెనక్కి తీసుకోబోతే, మిషన్ దానికీ కారణం అడిగింది. ‘చేతులు రాలేదు’ అని రాశాను. అదీ గదంతా వినిపించింది. బావ ఇయర్‌ఫోన్లు మళ్లీ పెట్టుకోలేదు.

రేపు మేనేజరు ఇంకొకరి చేత కొట్టించగలడు. వాళ్లూ కారణం రాయాలి. అదీ బావ దగ్గరికే రావాలి, పైకి వినపడాలి.