మూడో పెట్టె చేపలు

ఆసుపత్రి వంటశాలలో అందరూ ఆమెని లైటమ్మ అనేవారు. ఊదారంగు వెలుగిచ్చే టార్చి ఒకటి చేత్తో పట్టుకుని మాంసం పెట్టెల్లోకీ చేపల పెట్టెల్లోకీ తొంగిచూస్తూ తిరిగేది మరి. పరిశోధనశాలలో మూడేళ్లు తంటాలుపడి తను చేసిన కాగితపు పట్టీల్ని అక్కడ పరీక్షిస్తోంది. చేపకి అదిమిన పట్టీ ఆ టార్చి వెలుగులో నీలంగా మెరిస్తే సరుకు మంచిది. పాడవడం మొదలైతే మెరుపు పసుపుకి తిరుగుతుంది.

వంటశాల పెద్ద ఆమె సొంత అక్కే. పట్టీలకి అక్కడ చోటు దొరికింది అక్క మాట మీదే. అందుకే కిందటి వారం మాటలు పడింది కూడా అక్కే. కోడిమాంసం దగ్గర పట్టీ పసుపు చూపిస్తే మొత్తం పారబోశారు. రోగులకి భోజనం గంటన్నర ఆలస్యమైంది. తీరా చూస్తే మాంసం నిక్షేపంలా ఉంది, నేల తుడిచిన మందు ఘాటు పట్టీకి తగిలిందంతే. "ఇంకోసారి ఇలా జరిగితే ఆ పట్టీలు బయట, వాటితో పాటు మీరూ బయట" అన్నాడు సూపరింటెండెంటు అక్కతో, అందరి ముందూ. అక్క తలొంచుకుంది. చెల్లెల్ని మాత్రం ఒక్క మాట అనలేదు. అదే ఆమెని ఎక్కువ కోసింది.

ఆ మంగళవారం పదకొండుంబావుకి, మూడో పెట్టెలో చేప మీది పట్టీ పసుపుగా మెరిసింది.

లైటమ్మ టార్చి ఆర్పి మళ్లీ వేసింది. పసుపే. వంగి వాసన చూసింది. ఉప్పునీటి వాసన తప్ప ఇంకేం లేదు. చేపలు నిగనిగలాడుతున్నాయి.

"ఏంటే, దెయ్యాన్ని చూసినట్టు అలా బిగుసుకుపోయావు?" పొయ్యి దగ్గర్నుంచి అడిగింది అక్క.

"ఏం లేదక్కా."

ఆ మాట నోట్లోంచి ఎలా ఊడిపడిందో ఆమెకే తెలీదు. ముందు తేల్చుకుందాం, తర్వాత చెబుదాం అనుకుంది. కొత్త పట్టీ ఒకటి ఖాళీ పెట్టెలో పెట్టింది, నేల మందు ఘాటేమో తెలుస్తుందని. ఇంకొకటి అదే పెట్టెలోంచి వేరే చేప తీసి దానికి అదిమింది. రంగు తేలడానికి ఇరవై నిమిషాలు పడుతుంది.

వంటశాల ఆమె కోసం ఆగుతుందా? వంటవాళ్లిద్దరు వచ్చి మూడో పెట్టె ఎత్తుకుపోయారు. "ఆగండి" అనబోయి, ఇంకా తేలలేదు కదా అని ఊరుకుంది. పెనాలు చుయ్యిమన్నాయి. పళ్లేలు సర్దారు. మొదటి బండి మూడో అంతస్తు వార్డుకి లిఫ్టెక్కింది. ఆమె చూపు గడియారం మీదే ఉంది.

అక్క అలవాటు కొద్దీ ఒక ముక్క నోట్లో వేసుకుంది.

"ఘాటుగా ఉందేంటి? మిరియాలు ఎవరు గుమ్మరించారు?"

"మిరియాలే వెయ్యలేదమ్మా, రోగులకి కదా" అన్నాడు వంటవాడు.

పాడైన చేపలో విషం నాలిక్కి అలాగే ఘాటుగా తగులుతుందని లైటమ్మకి తెలుసు. ఒక్క అంగలో వెళ్లి టార్చి వేసింది. ఖాళీ పెట్టెలో పట్టీ నీలం. చేప మీది పట్టీ పసుపు.

"అక్కా, ఉమ్మేయ్!"

"మింగేశానే."

"అది పాడైన చేప. ఆ విషానికి వాసన ఉండదు, వేయించినా పోదు. పట్టీ ఇందాకే చెప్పింది. నేనే చెప్పలేదు."

అక్క ఒక్క క్షణం ఆమె కళ్లలోకి చూసింది. "నేల మందు కాదుగా?"

"కాదు."

"పొయ్యిలు ఆపండి!" అని అరిచి అక్క ఫోనందుకుంది. మూడో అంతస్తు లైను ఎంగేజ్. లైటమ్మ అప్పటికే మెట్ల మీద ఉంది.

వార్డులోకి వగర్చుకుంటూ జొరబడేసరికి ఆరు పళ్లేలు పంచేశారు. "ఎవరూ తినకండి!"

"ఆకలితో ప్రాణం పోతుంటే తినొద్దంటావేంటమ్మా?" అంది ఒక ముసలావిడ, చెంచా నోటిదాకా తెచ్చి. లైటమ్మ ఆ చెంచా లాగేసుకుంది. మిగతా పళ్లేలు నర్సు గుంజుకుంది. అప్పటికే ఇద్దరు తలో రెండు ముక్కలు తినేశారు. నర్సు డాక్టరు కోసం పరుగెత్తింది.

కిందకి వచ్చేసరికి అక్క స్టూలు మీద కూలబడి ఉంది. మొహం, మెడ కందగడ్డలా ఎర్రబడ్డాయి. తల పగిలిపోతోందంటూనే "గుడ్లు ఉడకేయండర్రా, పన్నెండున్నరకల్లా బళ్లు వెళ్లాలి" అని పురమాయిస్తోంది. ఇంజెక్షను పడ్డాక గంటకి ఆ ఎరుపు దిగింది. పైన తిన్నవాళ్లలో ఒకాయనకి దద్దుర్లు లేచి సాయంత్రానికి తగ్గాయి. రెండో ఆయనకి ఏమీ కాలేదు.

"ఎందుకు దాచావే?" మంచం మీద పడుకుని అడిగింది అక్క.

"నీకు మళ్లీ మాటొస్తుందని."

"మాటలు పడితే దద్దుర్లు రావే, పిచ్చిమొహమా" అని అక్క అటు తిరిగి పడుకుంది.

దారిలో చేపలు తెచ్చిన లారీ శీతలయంత్రం నాలుగు గంటలు ఆగిపోయిందని మర్నాడు డ్రైవరు ఒప్పుకున్నాడు. సూపరింటెండెంటు పట్టీల్ని మెచ్చుకున్నాడు. నివేదికలో లైటమ్మ రాసుకున్న ఒక వాక్యం తీసెయ్యమన్నాడు, చదివేవాళ్లకి అనవసరమని. పట్టీ పసుపుగా మెరిశాక ఇరవై నిమిషాల దాకా తను నోరు విప్పలేదన్నది ఆ వాక్యం. ఆమె తియ్యలేదు. అలాగే సంతకం పెట్టి ఇచ్చింది.