తొమ్మిదికి తొమ్మిది

బాన్సువాడ బస్టాండు వెనక సందులో రోజారాణి కుట్టే జాకెట్లకు ఎంత పేరుందో, సినిమాల మీద ఆమె చెప్పే మాటకూ అంతే పేరుంది. కొలతలివ్వడానికి వచ్చిన ఆడవాళ్లు చేతులు చాపి నిలబడి, "అక్కా, గా లారీ డ్రైవర్ సినిమా ఎట్లున్నది, పోవచ్చా?" అని అడుగుతారు. టేపు లాగుతూనే ఆమె తేల్చి చెప్పేస్తుంది.

ఆ షాపులో ఏటా ఒక పందెం నడుస్తుంది. హైదరాబాదులో ఒక టీవీ ఛానల్ వాళ్లు సినిమా అవార్డుల ఉత్సవం చేస్తారు. దానికి ముందురోజు షాపులో అందరూ తొమ్మిది అవార్డులకు తొమ్మిది పేర్లు రాసి, చిట్టీ మడిచి బిస్కెట్ల డబ్బాలో వేస్తారు. డబ్బా బీరువాలోకి వెళ్తుంది. ఉత్సవం శనివారం జరిగితే టీవీలో వచ్చేది మరుసటి వారం ఆదివారం మధ్యాహ్నం. ఈలోగా ఎవరు గెలిచారో ఫోన్లలో అందరికీ తెలిసిపోతుంది. తెలిసినా టీవీ ముందు కూర్చునేదాకా ఎవరూ నోరు విప్పకూడదని షరతు. ఎక్కువ పేర్లు సరిగ్గా రాసినవాళ్లకు మిగతావాళ్లు కలిసి మగ్గం పని చేసిన జాకెట్టు కుట్టిపెట్టాలి. ఆరేళ్లలో ఐదు జాకెట్లు రోజారాణికే వచ్చాయి.

ఏడో ఏడు తలకిందులైంది.

టీవీలో చివరి అవార్డు ఇచ్చాక వైశాలి డబ్బా తెరిచింది. వైశాలి పిట్లం పిల్ల, షాపులో ఐదేళ్లుగా కుడుతోంది. రోజారాణి చిట్టీలో ఐదు సరిపోయాయి, వైశాలివి నాలుగు. కాజాలు, హుక్కులు కుట్టే పోసవ్వకు చదువు రాదు. ఏటా వైశాలి చేత తన అభిమాన హీరో పేరు రాయించి ఊరుకుంటుంది, ఆ హీరో ఏటా ఓడిపోతాడు. చివరిది వనిత చిట్టీ. ఎనిమిది నెలల కింద పనిలో చేరిన పిల్ల, నిజాంసాగర్ రోడ్డు మీది తండా నుంచి రోజూ ఆటోలో వస్తుంది.

వైశాలి చదువుతూ పోయింది. మూడు, నాలుగు, ఆరు... తొమ్మిదోది చదివి కెవ్వున అరిచింది. "తొమ్మిదికి తొమ్మిది! ఏమే, నీకెట్ల తెల్సే?"

వనిత సిగ్గుపడి దుపట్టా మూతికి అడ్డం పెట్టుకుంది. "అనుకున్న అక్కా, గంతే."

"గా సినిమాలన్నీ చూసినవా?" అంది రోజారాణి.

"రెండే చూసిన. గవి గూడ ఫోన్ల."

రోజారాణి నవ్వుతూనే చిట్టీ అందుకుంది. నీలం సిరా, గుండ్రటి అక్షరాలు, ఒక్క కొట్టివేత లేదు. ఉత్తమ సహాయ నటి కింద, ఎవరూ ఊహించని పేరు. పడవ సినిమాలో అవ్వ వేషం కట్టిన ముసలామె. ఏడాదికి యాభై సినిమాలు చూసే తనకే తట్టని పేరు రెండు సినిమాలు చూసిన పిల్లకు ఎలా తట్టింది?

అప్పుడు గుర్తొచ్చింది. మొన్న బుధవారం తాను చుట్టాల పెళ్లికని వర్ని ఊరికి వెళ్లింది. వైశాలి రాలేదు. షాపు తాళాలు, వాటితోపాటు బీరువా తాళం వనిత చేతికే ఇచ్చి వెళ్లింది. అప్పటికి ఉత్సవం జరిగి నాలుగు రోజులు. ఫోను చూసి కొత్త చిట్టీ రాసి డబ్బాలో వేయడానికి ఎంతసేపు పడుతుంది?

సోమవారం నుంచి రోజారాణి కళ్లు వనిత వెంటే తిరిగాయి. ఫోను బోర్లా పెట్టుకుంటే ఎందుకు బోర్లా పెట్టిందనిపించింది. అన్నం తింటూ తనలో తాను నవ్వుకుంటే ఎవరిని చూసి నవ్విందనిపించింది. తల్లితో ఫోన్లో తమ భాషలో మాట్లాడుతుంటే అందులో తన పేరేమైనా వినిపిస్తుందా అని మిషను తొక్కడం ఆపి చెవి పెట్టింది. బీరువా తెరిచి, మడతలు విప్పని లైనింగు గుడ్డలు కూడా లెక్కబెట్టింది. అన్నీ ఉన్నాయి. ఉన్నా మనసు కుదుటపడలేదు.

గురువారం ఉండబట్టలేక అడిగింది. "వనితా, నిజం చెప్పు. గా ముసలామె పేరు ఎట్ల రాసినవ్?"

వనిత మిషను మీద నుంచి తల ఎత్తింది. "సినిమాల సంగతి నాకేం తెల్వదక్కా. ఉత్సవం ముంగట ఇరవై రోజులు టీవీల చూపిస్తరు గదా, ఎవరొస్తుండ్రు, ఎవరు డాన్స్ చేస్తుండ్రు అని. వచ్చేటోళ్లకే ఇస్తరు. రానోళ్లకు ఇచ్చి ఏం జేస్తరు? పెద్ద హీరో షూటింగ్ కోసం దేశం దాటి పోయిండు, ఆయనకు రాదనుకున్న. గా ముసలామెకు దవాఖానల ఆపరేషన్ అయిందట. అయినా తోలుకొస్తమని రెండుసార్లు చెప్పిండ్రు. ఊకెనే తోలుకొస్తరా?"

వైశాలి నోరు తెరుచుకుని వింది. "అబ్బ, గిదంతా ఆలోచించినవా!"

రోజారాణి "ఊఁ" అంది. మాట సబబుగానే ఉంది. మరీ సబబుగా ఉంది. అడుగుతారని తెలిసి ముందే కూర్చి పెట్టుకున్నట్టుంది. నాలుగైదు తగిలితే సరే, తొమ్మిదీనా?

ఇంకో ఛానల్ అవార్డులు రెండు వారాల్లో ఉన్నాయి. ఎన్నడూ లేనిది వాటికీ పందెం పెడదామంది రోజారాణి. ఆ ఉత్సవానికి ముందురోజు, శుక్రవారం, నలుగురి చిట్టీలు తీసుకుని ఒక కాన్వాసు సంచిలో వేసింది. సంచి మూతిని మిషను కింద పెట్టి, మెరూన్ దారంతో మూడు వరసలు కుట్టేసింది. కుట్టు మీద సుద్దతో తన సంతకం గీసింది.

మిషను చప్పుడు ఆగాక వనిత అడిగింది. "సంచి ఎందుకు కుట్టినవక్కా?"

"ఎలుకలు తిరుగుతున్నయ్ బీరువల. ఇంటికి తీస్కపోత."

వనిత సంచి వైపు చూసింది, రోజారాణి వైపు చూసింది. "ఎలుక పేరు వనితనా అక్కా?"

వనిత చేతిలో ఉన్న జాకెట్టు చేయి అతికించడం పూర్తి చేసింది. దారం తెంపింది. తన కత్తెర చేతిసంచిలో వేసుకుని, పోసవ్వతో "పోయొస్త అవ్వా" అని చెప్పి వెళ్లిపోయింది. మర్నాడు రాలేదు. సోమవారం కూడా రాలేదు.

"చూసినవా?" అంది రోజారాణి, పోసవ్వ ఒక్కతే ఉన్నప్పుడు. "తప్పు చెయ్యనిది ఎందుకు పోతది?"

పోసవ్వ సూదిలో దారం ఎక్కించుకుంటూ, తల ఎత్తకుండానే అంది. "బిడ్డా, నాకు చదువు రాదు. కండ్లయితే ఉన్నయ్. నాలుగేండ్ల కింద ఆదివారం పొద్దుగాల నువ్వు డబ్బా తీసి నీ చిట్టీ మార్చలే? నేను కొలతల పరదా ఎనకాల కూసోని హుక్కులు కుడుతున్న. నువ్వు చూడలే."

రోజారాణి స్టూలు లాక్కుని కూర్చుంది.

నిజమే. ఆ ఏడు రెండు పేర్లు తప్పు రాసింది. అంతకుముందు ఏడు ఓడిపోయి ఉంది. ఓడిన ఆ ఏడాదంతా, అవార్డుల ముచ్చట వచ్చినప్పుడల్లా కొలతలకు వచ్చిన ప్రతి ఆడమనిషీ తనని చూసి నవ్వినట్టే అనిపించింది. అందుకే మళ్లీ ఓడకూడదని చిట్టీ మార్చి రాసింది, ఒక్క పేరు తేడాతో వైశాలి మీద గెలిచింది. తర్వాత ఎన్నడూ మార్చలేదు. మార్చలేదు గనుక అది జరగనట్టే అనుకుంటూ వచ్చింది. ఈ బీరువాను ఎలా తెరవొచ్చో, డబ్బాలో చిట్టీ ఎలా మార్చొచ్చో తనకంత బాగా ఎలా తెలిసిందని ఒక్కసారి కూడా తనను తాను ప్రశ్నించుకోలేదు.

"అప్పుడే ఎందుకు అడగలేదవ్వా?"

"ఏం అడగాలె? సిగ్గుతోటి వారం దినాలు నా మొకం చూడలే నువ్వు. గదే చాలనుకున్న."

మధ్యాహ్నం షాపు వైశాలికి అప్పజెప్పి రోజారాణి ఆటో ఎక్కింది. దారి పొడుగునా కాలువ నీళ్లు పారిన మడుల్లో నాట్లు వేస్తున్నారు. తండాలో వనిత ఇల్లు కనుక్కునేసరికి ఆమె తల్లి చాంద్రి వాకిట్లో నిలబడి కాళ్ల బురద కడుక్కుంటోంది. రోజారాణిని చూసి చెంబు కింద పెట్టింది.

"ఏమన్న పోయిందా షాపుల?" అని అడిగింది.

"ఏం పోలే," అంది రోజారాణి. "వనితతోని మాట్లాడాలె."

చాంద్రి లోపలికి చూసి తమ భాషలో ఏదో అంది. ఆ మాటలు తన గురించేనని రోజారాణికి తెలుసు. ఈసారి చెవి పెట్టలేదు. వనిత వచ్చి గడపలో నిలబడింది. లోపలికి రమ్మనలేదు.

రోజారాణి దాచకుండా చెప్పింది. నాలుగేళ్ల కింద తాను చేసిన పని, ఆ కళ్లతోనే వనితను చూడటం, సంచి కుట్టడం, అన్నీ. చెబుతున్నంతసేపూ వనిత ఆమె మొహమే చూస్తూ ఉంది, ఇందులో ఇంకేం మర్మం ఉందోనన్నట్టు.

"గీ ముచ్చట గీడ ఎందుకు చెప్తున్నవక్కా?" అంది చివరికి. "గీడ ఎవ్వరున్నరు? నన్ను షాపుల అన్నవ్. వైశాలక్క ముంగట అన్నవ్."

"ఆదివారం రా. అందరి ముంగట చెప్త."

"చూస్త," అంది వనిత.

ఆదివారం టీవీ పెట్టేవేళకు వనిత వచ్చి, తలుపు దగ్గరి బల్ల మీద కూర్చుంది. రోజారాణి టీవీ చప్పుడు తగ్గించింది. ఒళ్లో సంచి పెట్టుకుని, ఎవరి మొహమూ చూడకుండా, వనితకు చెప్పిందంతా మళ్లీ చెప్పింది. చెప్పడం అయ్యాక కుట్లు విప్పడానికి కత్తెర తీసుకుంది. ఆ కుట్లు ఎవరైనా కదిలించారేమోనని తన వేలు దానంతటదే వాటి వెంబడి పాకడం చూసుకుని, చప్పున చేయి తీసేసింది. సంచిని వైశాలి వైపు తోసింది.

వైశాలి సంచి ముట్టుకోలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. "గా ఏడాది నేను గెల్వాల్సింది," అంది. "మా అమ్మకు ఫోన్ జేసి, ఒక్కటి తప్పింది, రోజక్క మీద ఎవ్వరు గెలుస్తరు అని నవ్వుకుంట చెప్పిన. ఎంత పిచ్చిదాన్ని!"

ఆ తర్వాత రెండు వారాలు వైశాలి రోజారాణితో పనికి కావలసిన మాటలే మాట్లాడింది.

ఆ ఆదివారం సంచి కుట్లు వనితే విప్పింది. ఈసారి ఎనిమిది అవార్డులకు ఆమెవి ఏడు సరిపోయాయి. తప్పిన ఒక్కటీ అసలు ఉత్సవానికే రాని హీరోయిన్‌కు ఇచ్చారు. "గీమెకు ఎట్ల ఇచ్చిండ్రు?" అని వనిత టీవీకి దగ్గరగా జరిగి, అనుమానంగా మొహం చిట్లించి చూసింది. పోసవ్వ పగలబడి నవ్వింది. కాసేపటికి వనితా నవ్వింది.

వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర ఆగింది. "రెండు దినాలు నాట్లున్నయ్ అక్కా. బుధారం వస్త."

నిజంగా వస్తావా అన్న మాట రోజారాణి నోటిదాకా వచ్చింది. అడగలేదు.

బుధవారం పదకొండయింది, వనిత జాడ లేదు. రోజారాణి రెండుసార్లు సందు చివరిదాకా చూసి వచ్చింది. పదకొండున్నరకు ఆటో దిగి, గోళ్ల సందుల్లో ఇంకా పోని మన్నుతో వనిత లోపలికి వచ్చింది. చేతులు సబ్బుతో మళ్లీ కడుక్కుని, తువాలుకు తుడుచుకుని, "ఏది కుట్టాలె?" అని అడిగింది.