ఎస్తేరు వంకర వేళ్ళు

కృపావతి నడుస్తున్న వరండా నరసాపురంలో తను సైన్సు చెప్పే బడిదే, కానీ గోడలు పాలరంగులో తడిగా మెరుస్తున్నాయి, అడుగు వేస్తే నేల మెత్తగా దిగిపోతోంది, ఇది చనిపోయిన తన అక్క ఎస్తేరు వేలి కణుపు లోపల అని ఆమెకు ఎవరూ చెప్పకుండానే తెలుస్తోంది. వరండా చివర ఎస్తేరు పీట మీద కూర్చుని లేసు అల్లుతోంది. పోయి ఎనిమిది నెలలైనా వేళ్ళు అలాగే పక్కకు వంగి ఉన్నాయి.

"ఇక్కడ కూడా బాగుపడలేదా అక్కా?"

"బాగుచేస్తామన్నారే. నేనే వద్దన్నాను. వీటితోనే నిన్ను చదివించాను. ఇప్పుడు మార్చుకుని ఎవరికి చూపించుకోవాలి?"

పక్కనే తవ్వుతున్న చప్పుడు. తెల్లచొక్కాలవాళ్ళు బారులు తీరి, ఒకరి చెవిలో ఒకరు ఏదో చెప్పుకుంటూ, గునపాలతో కీలు లోపలి పొరను పెళ్ళగిస్తున్నారు. ఏటా ఎనిమిదో తరగతికి బోర్డు మీద బొమ్మ వేసి, ఒంటికి కాపలావాళ్ళని తను చెప్పే తెల్ల రక్తకణాలు వీళ్ళే అని కృపావతి గుర్తుపడుతుంది.

"ఎవరు తవ్వమన్నారు మిమ్మల్ని?"

"లోపల దొంగ ఉన్నాడన్నారండి."

"ఎవరన్నారు?"

"వెనకాయనండి."

"ఆయనకెవరు చెప్పారు?"

అందరూ వెనక్కి తిరిగి చూస్తారు. ఆ బారు గోదావరి గట్టుదాకా పోయి మసకలో కలిసిపోతుంది, మొదట చెప్పిందెవరో ఎవరికీ తెలియదు, తెలియకపోయినా గునపాలు ఆగవు.

"చెడ్డవాళ్ళు కాదక్కా. పొరబడ్డారు."

"పొరబడితే ఇల్లు కూల్చనివ్వాలా? అందరూ వాతమన్నారు, నేను నూనె రాసుకుంటూ కూర్చున్నాను. తెలిసేసరికి గోడలు మిగల్లేదు. నీకూ ఇదే జబ్బని డాక్టరమ్మ మొదట్లోనే చెప్పింది కదే. వీళ్ళను నెమ్మదింపజేసే మాత్ర ఆదివారం ఆదివారం వేసుకోమంది. నువ్వా షీటు ముట్టుకోనైనా లేదు."

వరండా పడవలా ఊగుతోంది. కృపావతి గోడ పట్టుకుంటుంది.

"నీకు దొరకని మందు నాకెందుకు?"

"ఓహో, నాకు తోడొస్తావా? ఆ నొప్పి నాది. నీకు వాటా ఇస్తానన్నానా? సమాధి మీద పూలు పెట్టు చాలు, వేళ్ళు పెట్టకు."

"భయమేస్తోందక్కా. కాపలావాళ్ళను అణిచేస్తే జ్వరమొచ్చిన రోజు ఎవరొస్తారు?"

"జ్వరమొస్తే డాక్టరమ్మ దగ్గరికి పో. చెప్పినప్పుడల్లా రక్తం పరీక్ష చేయించుకో. క్లాసులో పిల్లలు అల్లరి చేస్తే అందర్నీ బయటికి గెంటేస్తావా, నోరు మూయించి కూర్చోబెడతావా?"

కృపావతి బారు వైపు తిరిగి, బడిలో ఎన్నడూ ఎత్తనంత గొంతెత్తి, "చాలు. దించండి," అంటుంది. దగ్గరివాడు గునపం దించుతాడు. వాడి వెనకవాడు ఎత్తుతాడు.

ఎస్తేరు నవ్వుతుంది. "పంతులమ్మ గొంతుకు లొంగే రకం కాదే వీళ్ళు." కత్తెర పట్టలేని చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, లేసు దారాన్ని పళ్ళతో పుటుక్కున కొరుకుతుంది.

ఆదివారం చర్చి గంటకు కృపావతికి మెలకువ వచ్చింది. కుడిచేతి వేళ్ళు ముడుచుకోవడం లేదు, నడిమి కణుపు వేడిగా ఉంది. గూట్లోంచి మాత్రల షీటు తీసి బొటనవేలితో నొక్కింది. రాలేదు. రెండు అరచేతుల మధ్య దాన్ని నోటిదాకా తెచ్చి, అంచు కొరికి లాగింది. రేకు చిరిగి, చిన్న పసుపు మాత్ర నాలుక మీదికే వచ్చింది.