తిరుపాలు చొక్కా

పొద్దున్నే నీళ్ల ట్యాంకరు హారను వినబడక ముందే పిల్లమ్మ లేచి, తాడు మీది చొక్కా కింద నిండిన బకెట్ ఎత్తి మోరీలో పారబోస్తుంది. ఖాళీ బకెట్ మళ్లీ అక్కడే పెట్టి, మొహం కడుక్కొని, ఆ తర్వాతే పొయ్యి ముట్టిస్తుంది. కె.ఆర్.పురం రేకుల షెడ్లలో ఎవరి పొద్దు వాళ్లకు ఒక పనితో మొదలవుతుంది. పిల్లమ్మకు ఇదీ.

చొక్కా ఆమె మొగుడిది. కదిరి వైపు నుంచి కూలికి వచ్చిన తిరుపాలు పోయి పద్నాలుగు నెలలైంది. బెళ్ళందూరులో ఎనిమిది వందల ఇళ్లున్న అపార్ట్‌మెంటులో మోటారు పట్టేసిందని మురుగు ట్యాంకులోకి దిగమన్నారు, దిగాడు. ఊపిరాడక పోయాక పైకి తీసి, గేటు బయట వాననీళ్ల కాలువ పక్కన పడుకోబెట్టారు. తోటి కూలి ఒకడు ఈ సంగతి పిల్లమ్మ చెవిన వేసి, మర్నాడే ఫోను ఆపేసి ఊరు దాటాడు. పోలీసు కాగితాల్లో మాత్రం ‘మద్యం మత్తులో కాలు జారి కాలువలో పడి మృతి’ అని రాసుకున్నారు.

తాగుడట! గంగమ్మ జాతరలో దేవరకు పోసిన సారా తీర్థమని చేతిలో పోస్తే, కళ్లకద్దుకొని పక్కవాడి దోసిట్లో వంచే మనిషి తిరుపాలు. పోయినవాడు ఎటూ తిరిగిరాడని పిల్లమ్మకు తెలుసు. ఆ ఒక్క ముక్క కొట్టేయించాలన్నదే ఆమె పంతం.

ఆసుపత్రివాళ్లు కవర్లో పెట్టి ఇచ్చిన నీలం గళ్ల చొక్కాను ఆమె ఆనాడే ఉతికి ఆరేసింది. అది ఆరలేదు. రేకులు కాలే ఎండలో కూడా ఆరలేదు. రోజుకో బకెట్ కారుతుంది. మురుగు కంపు, దాని మీద ఎనిమిది వందల ఇళ్ల సబ్బుపొడి వాసన. షెడ్లవాళ్లకు ఇదేమీ వింతగా తోచలేదు. ఒకరి ఇంట్లో బిడ్డ ఏడుస్తుంది, ఒకరి ఇంట్లో మొగుడు గురక పెడతాడు, పిల్లమ్మ ఇంట్లో చొక్కా కారుతుంది. షెడ్ల యజమాని దొడ్డప్ప మాత్రం ఒకసారి వచ్చి, “గోడ నానిపోతాండాది కదమ్మా, తాడు కొంచెం మోరీ దిక్కు జరుపుకో” అన్నాడు. జరుపుకుంది.

బళేపేట గాజుల అంగడివాళ్ల కూతురు సుశీల లాయరు. కేసు తనే తీసుకుంది. మొదటిసారి వచ్చిన రోజు చొక్కా కింద అరచెయ్యి పట్టి, వాసన చూసి, మొహం చిట్లించకుండా అంది: “ఇంతకన్నా సాక్షి ఏం కావల్ల పిల్లమ్మా? ఆ ట్యాంకు నీళ్లు దీంట్లో ఉండాయి. నీళ్లు ఉండాయంటే మనిషి దిగినట్టే కదా.”

విచారణాధికారి శ్రీనివాసప్ప కూడా ఒప్పుకున్నాడు. ఫైల్లో ‘ఆరని చొక్కా, ఒకటి’ అని రాసి, వచ్చే నెల పద్నాలుగున తెమ్మన్నాడు. ఈ నీళ్లూ ట్యాంకు నీళ్లూ పక్కపక్కన పరీక్షకు పంపిస్తానన్నాడు.

ఈలోగా వచ్చాడు హర్ష. సినిమా డైరెక్టరు. చేపల పులుసు వాసన, మోరీ కంపు కలగలిసిన ఆ సందులో, పిల్లమ్మ పెట్టిన సంగటి ముద్ద వేళ్లు కాలుతున్నా ఊదుకుంటూ తిన్నాడు. దాంతోనే సగం గెలిచాడు.

“కేసు కాగితం నలుగురు చదువుతారక్కా. సినిమా అయితే ఊరంతా చూస్తుంది. నిజంగా జరిగింది జరిగినట్టే తీస్తాను.”

“ఆయప్ప తాగడు సామీ. అది మాత్రం సెప్పాల.”

“ప్రామిస్ అక్కా. కానీ ఆ చొక్కా నాలుగు రోజులు ఇవ్వాలి. వేరే చొక్కాల మీద నీళ్లు పోసి చూశాం, అబద్ధంలాగా కనబడుతోంది.”

పిల్లమ్మ ఇచ్చింది. ఆమెను తప్పు పట్టకండి. పద్నాలుగు నెలలు ఆరనిది నాలుగు రోజుల్లో ఆరుతుందని ఎవరు అనుకుంటారు? చెరువు ఎండుతుందని చాకలి భయపడొచ్చు, సముద్రం ఎండుతుందని బెస్తవాడు భయపడడు కదా.

ఐదో రోజు చొక్కా తెచ్చింది స్టాన్లీ, సినిమావాళ్ల బట్టలు చూసుకునే మనిషి. పేపర్లో చుట్టి, రెండు చేతులా అందించాడు.

“ఎరువు తెచ్చిన బట్ట మాసినట్టు తిరిగి ఇయ్యకూడదని మా అమ్మ చెప్తా ఉండెనమ్మా. ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసినాను.”

పేపరు విప్పింది. మడతలు కత్తిలా నిలబడి ఉన్నాయి. వేలు పెడితే గంజి కరకరమంది.

“ఆరిపాయనే అప్పా,” అంది.

“ఆఖరి షాట్‌లో శానా కారిందమ్మా. హీరోకి కాళ్ల దాకా. డైరెక్టర్ కట్ అన్నాడు, నిలిచిపోయె.”

ఏమని తిట్టాలి? ఇంత మర్యాదగా తన బతుకును ఇస్త్రీ చేసి తెచ్చినవాణ్ని ఏమని తిట్టాలి? టీ పెట్టి ఇచ్చింది. అతను పోయాక చొక్కాను నీళ్లలో ముంచి తాడు మీద వేసింది. మధ్యాహ్నానికి అందరి చొక్కాల్లాగే ఆరిపోయింది.

పద్నాలుగున శ్రీనివాసప్ప కాలరు తిప్పి చూశాడు, చేతులు తడిమి చూశాడు. “ఫైల్లో ఆరని చొక్కా అని ఉండాది. ఇది ఆరిన చొక్కా కదమ్మా. పోనీ, అన్ని నెలలు కారిందే, ఒక్క సీసా అయినా పట్టి పెట్టలేదా?”

మురుగునీళ్లు ఎవరు దాస్తారు? అపార్ట్‌మెంటు తరఫు లాయరు నోరు కూడా విప్పలేదు, అవసరం రాలేదు. శ్రీనివాసప్ప ఇంకో తారీఖు ఇచ్చాడు. అదే ఆఖరిదన్నాడు.

ఆ తారీఖుకు పది రోజుల ముందు సినిమా విడుదలైంది. రైల్వే స్టేషను దగ్గరి పాత థియేటరుకు షెడ్లన్నీ కదిలి వెళ్లాయి. హర్ష మాట తప్పలేదు. తెర మీద పిల్లమ్మ, అసలు పిల్లమ్మకన్నా పొడుగ్గా తెల్లగా ఉన్న పిల్లమ్మ, కోర్టు దద్దరిల్లేలా “నా మొగుడు తాగలేదు!” అంది. అపార్ట్‌మెంటు మేనేజరుకు బేడీలు పడ్డాయి. జనం ఈలలు వేశారు, ముక్కులు చీదారు. అప్పుడు తెర నిండా చొక్కా కనబడింది. తెర కింది అంచు నుంచి నీళ్లు కారడం మొదలుపెట్టాయి. ముందు వరసవాళ్లు కాళ్లు సీట్ల మీదికి తీసుకొని చూస్తూనే ఉన్నారు.

పిల్లమ్మకు వాసన తగిలింది. అదే మురుగు, అదే సబ్బుపొడి.

బయటికి రాగానే పక్క షెడ్డు నర్సమ్మ ఆమె నోట్లో చక్కెర పోసింది. “గెలిస్తివి గదక్కా!”

“ఇంగా తారీఖు ఉండాది నర్సమ్మా.”

“ఇంగేం తారీఖు? అందురమూ సూస్తిమి గదా!”

పిల్లమ్మ మర్నాడు మ్యాట్నీకి మళ్లీ పోయి, తెర కింద సీసా పట్టింది. దాన్ని చీరకొంగులో చుట్టుకొని విచారణకు తీసుకెళ్లింది. శ్రీనివాసప్ప మూత తీసి వాసన చూసి, ఔనన్నట్టు తల ఆడించాడు.

అప్పుడు అవతలి లాయరు మొదటిసారి నిలబడ్డాడు. “సార్, సినిమా మొదట్లో కార్డు వేశారు. పాత్రలు, సంఘటనలు కల్పితం, ఎవరినీ ఉద్దేశించినవి కావు అని. ఈ నీళ్లు ఆ సినిమావే.”

“నిజ సంఘటనల ఆధారంగా అని కూడా వేసినారు సార్,” అంది సుశీల.

శ్రీనివాసప్ప సీసా మూత బిగించాడు. మంచివాడే. మంచితనం ఎక్కడ పనికొస్తుందో ఆ ఆఫీసులో ఎవరికీ తెలియదు. “నిజం ఆధారంగా సినిమా తియ్యొచ్చమ్మా. సినిమా ఆధారంగా నేను నిజం రాయలేను,” అని ఫైలు మూశాడు. మద్యం మత్తు అందులోనే ఉండిపోయింది.

థియేటరు మేనేజరు అప్పటికే ఆట ఆటకీ తడిసే నేలతో విసిగి ఉన్నాడు. తుడిచే మనిషి కావాలన్నాడని తెలిసి పిల్లమ్మ వెళ్లి అడిగింది. రోజుకు నాలుగు ఆటలు. జనం కళ్లు తుడుచుకుంటూ బయటికి పోతుంటే, ఆమె బకెట్, గుడ్డ తీసుకొని లోపలికి పోయేది. మోకాళ్ల మీద కూర్చొని మొగుడి నీళ్లు తుడిచేది. ఎవరూ ఆమెను గుర్తుపట్టలేదు. తెర మీది పిల్లమ్మ వేరుగా ఉంటుంది కదా.

ఐదో శుక్రవారం సినిమా మారింది. ప్రేమకథ. ఆట వదిలాక ఆమె తెర కింద అరచేత్తో తడిమి చూసింది. పొడి సిమెంటు.

“ఇంక నీతో పని లేదమ్మా,” అన్నాడు మేనేజరు. “ఈ సినిమా కారదు.”

నిన్నటి ఆఖరి ఆట నీళ్లు బకెట్లో సగం ఉన్నాయి. అవి తీసుకుపోతానంటే అతను సరేనన్నాడు. మురుగునీళ్లే కదా.

ఇంటికి తెచ్చి తాడు కింద, ఆరిన చొక్కా కింద పెట్టింది. మర్నాడు ట్యాంకరు రాకముందే లేచి, అలవాటుగా బకెట్ ఎత్తి మోరీ దాకా పోయింది. అక్కడ కాళ్లు ఆగిపోయాయి. పద్నాలుగు నెలలు తన చేతులతోనే రోజుకో సాక్ష్యం ఈ మోరీలో పోసింది. బకెట్ వెనక్కి తెచ్చి యథాస్థానంలో పెట్టి, పక్కనే కూలబడింది.

ఎండాకాలం. ఆమె మూత పెట్టింది, పైన గోనెపట్టా కప్పింది, రోజూ తీసి చూసుకుంది. వారం తిరిగేసరికి నీళ్లు ఆరిపోయి బకెట్ అడుగు కనబడింది.