కుంట ఆరేదాకా

పొద్దున్నే టీ కప్పు మంచం దగ్గరికి వస్తే ఎవరికైనా సంతోషం కలగాలి. ఆమెకి అనుమానం కలిగింది. పెళ్లయిన ఇన్నేళ్లలో తాగిన కప్పు సింకులో పెట్టి ఎరగని మొగుడు నాలుగు రోజులుగా టీ పెడుతున్నాడు, గిన్నెలు తోముతున్నాడు, పైగా "వానల్లో తిరిగి నీరసించిపోయావు, ఈ వారం ఇంటిపట్టున ఉండు" అంటున్నాడు.

"పెట్టి పుట్టావే తల్లీ! మీ మామగారు మంచినీళ్లు కూడా ముంచుకునేవారు కాదు" అంది అత్తగారు. ఆమె మాత్రం ఆయన విడిచిన చొక్కా వాసన చూసింది. డీజిల్ కంపు. ఇంకో ఆడమనిషి ఉందని తేలినా బాగుండేదేమో, కనీసం అర్థమయ్యే తప్పు కదా!

ఇద్దరిదీ ఒకటే ఆఫీసు, సొంత కన్సల్టెన్సీ. ఎవరైనా ఇళ్లో ప్లాంటో కట్టాలంటే, ముందు ఆ నేలమీద ఏమేం బతుకుతున్నాయో చూసి పర్యావరణ అనుమతి తెప్పించిపెట్టడం వాళ్ల పని. మోకాలి లోతు బురదలో దిగి కప్పల్నీ పక్షుల్నీ లెక్కపెట్టేది ఆమె. వంట ముగించుకుని రిపోర్టు రాసేదీ ఆమే. ఏసీ గదిలో క్లయింట్లతో చేయి కలిపేది ఆయన. "మా ఆవిడ కాస్త సాయం చేస్తుంటుంది" అంటాడు నవ్వుతూ. ఆ 'కాస్త' వినగానే ఆమెకి ఒళ్లు మండుతుంది. సంతకం మాత్రం ఆమెదే కావాలి, డిగ్రీ చదివింది ఆమె మరి. ఈసారి సోలార్ ప్లాంటు కోసం ఎవరో కొన్న పల్లపు నేల, ఆమె ఇంకా సర్వేకి దిగనిది. మధ్యలో వానకి నిండే కుంట. కుంట ఉంటే అనుమతి రాదు. ఉన్న కుంటని లేదని రాయమంటే ఆమె ససేమిరా రాయదని ఆయనకి తెలుసు.

ఐదో రోజు కూరగాయలకని చెప్పి ఆమె సైటుకి వెళ్లింది. కుంట అడుగు బయటపడింది. కప్పగుడ్లు బురదకి అంటుకుని ఎండిపోతున్నాయి. గట్టుకి కొత్తగా కొట్టిన గండి పక్కన, జేసీబీ నీడలో డ్రైవరు అన్నం తింటున్నాడు.

"ఎవరు తవ్వమన్నారు బాబూ?"

"సారే దగ్గరుండి తవ్వించారమ్మా. ఇంకో రెండ్రోజులు ఆరితే వాళ్ల మేడమ్ వచ్చి చూసుకుంటారంట." ఎదురుగా నిలబడింది ఆ మేడమేనని పాపం అతనికి తెలీదు.

చూసుకుంటారంట! ఆమెకి ఏడుపొచ్చింది, వెనకే నవ్వూ వచ్చింది. అబద్ధం రాయమని అడగలేదు మహానుభావుడు. ఆమె నిజమే రాసేలా నేలనే మార్చేశాడు. ఆమె చాకిరీ చాలక, ఇప్పుడు నిజాయితీని కూడా వాడుకోబోయాడు.

ఇంటికొచ్చేసరికి ఆయన బట్టలు మడతపెడుతున్నాడు. "కూరగాయలేవీ?" అన్నాడు. ఆమె అనుమతులిచ్చే ప్రభుత్వ ఆఫీసుకి ఫోన్ కలిపింది. "మీరు వెంటనే వచ్చి చూడాలండీ, గట్టు తెగ్గొట్టి కుంట ఖాళీ చేయించారు" అంది. ఆయన చేతిలో బట్టలు వదిలేసి లేచాడు.

"మన కంపెనీ మునిగిపోతుందే! ఇంటిమనిషివి, నువ్వే ఇలా..." అంటూ చేయి పట్టుకున్నాడు. ఆమె విడిపించుకుంది.

"ఎవరు మాట్లాడేది? కన్సల్టెంటు గారి మిసెస్సా?" అని అడిగింది అవతలి అధికారిణి.

"సర్వే చేసేదాన్నండీ. గట్టు తెగ్గొట్టించింది మా ఆయన. పేరు చెబుతాను, రాసుకోండి."