చుక్కచుక్కగా ఎండ

తెల్లవారుతుండగా మెకానిక్ తన షెడ్డులో పొయ్యి వెలిగించాడు. పాత డ్రమ్ముతో తనే చేసుకున్నది. బండ్ల ఇంజన్లలోంచి దించిన నల్లనూనె పైడబ్బాలోంచి చుక్కచుక్కగా మంటలో పడుతుంది. పొగగొట్టం గోడలోంచి పక్కగదిలోకి పోయి, కప్పు దాటి పైకి లేస్తుంది. ఆ గదిలో అతని ముసలితల్లి, చలికి కొంకర్లు పోయే వేళ్లను గొట్టం వైపు చాచి, సగం నిద్రలో, ఏ ఏటి ఒడ్డునో ఎండ కాచుకుంటున్నట్టు నవ్వుకుంటుంది. ఆ నవ్వు కోసమే ఈ పొయ్యి.

ఆ పూట అక్కమొగుడు వచ్చాడు. కాలుష్యాన్ని అదుపు చేసే ఆఫీసులో ఉద్యోగం.

"ఏరా బామ్మర్దీ, వీధి మొగలోనే నీ పొయ్యి పొగ నాకు ఎదురొచ్చింది!"

"పారబోసే నూనేగా బావా. కాలిస్తే పోతుంది."

"ఎక్కడికి పోతుందిరా? పైకెళ్లి మళ్లీ మన నెత్తినే పడుతుంది. అనుమతి లేకుండా కాల్చడం నేరం. శుద్ధి చేసేవాళ్లకి ఇచ్చెయ్. ఇవాళ బావగా చెబుతున్నా. రేపెవరైనా ఫిర్యాదు చేస్తే షెడ్డుకి తాళం వేసేది కూడా నేనే."

"అమ్మ వణికితే నీ చట్టం వచ్చి దుప్పటి కప్పుతుందా?"

బావ పక్కగదిలోకి నడిచాడు. అత్తగారి మంచం పక్కన కూర్చున్నాడు. వెనకే వచ్చిన మెకానిక్‌కి తల్లి దిండు మీద, గొట్టం అతుకు కింద, నల్లటి నుసి కనిపించింది. అలవాటు కొద్దీ వేళ్ల మధ్య నలిపి చూశాడు. గరగరలాడింది. నూనెలో ఆ గరుకు తగిలితే బండివాళ్లతో రోజూ అనే మాటే నోటిదాకా వచ్చింది: "లోపల అరిగిపోతోంది, ఇక నడపొద్దు."

తల్లి నిద్రలోనే దగ్గింది.

అతను వెళ్లి నూనె కుళాయి కట్టేశాడు. మంట చిన్నదై, నీలమై, ఆరిపోయింది. గొట్టం చల్లారుతూ టక్కుటక్కుమంది.

"అమ్మా, చలేస్తోందా?"

ఆవిడ కళ్లు తెరవలేదు. "ఎండ మబ్బుచాటుకి పోయిందిరా. వస్తుందిలే."

బావ తన కోటు విప్పి ఆవిడ కాళ్ల మీద కప్పాడు. "సాయంత్రం మా ఇంటి హీటరు పంపిస్తాను. మీ అక్క తిట్లు మాత్రం నువ్వే తినాలి."

మెకానిక్ కిటికీ రెక్క ఓరగా తీసి, చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కుని వచ్చాడు. తల్లి వేళ్లను అరచేతుల మధ్య పెట్టుకుని మెల్లగా రుద్దసాగాడు. ఆవిడ మళ్లీ ఏటి ఒడ్డుకి చేరినట్టు నవ్వింది.