ఏటిని జరిపిన కుంచె

నేను ఒక కుంచెను. అప్పుడే పెదవి విరవకండి. గోడలకు సున్నం కొట్టే జాతి కాదు నాది. సీమ ఉడుత తోక వెంట్రుకలతో, వెండి కట్టుతో, నల్లకర్ర పిడితో లండనులో పుట్టినదాన్ని. ఆ మాత్రం గర్వం ఉంటుంది మరి.

నన్ను కొన్నాయన పెల్హామ్ దొర. సర్కారువారి సర్వే ఉద్యోగి. ఎవరూ పటం గీయని కొండల్లోకి చొరబడి, కొలతలు వేసి, పటాలు గీయడం ఆయన పని. బొమ్మలు వేయడం ఆయన పిచ్చి. రెంటికీ నేనే దిక్కు. పొద్దున పటంలో ఏళ్ళకు పూసిన నీలమే సాయంత్రం బొమ్మలో ఆకాశానికి పూసేదాన్ని.

గోదావరి కొండల్లో ఒకసారి పులి ఎదురైంది. ఈ మహానుభావుడు తుపాకీ కోసం వెతకాలా? నాకోసం వెతికాడు! బొమ్మ సగంలో ఉండగా పులికే విసుగొచ్చి లేచి వెళ్ళిపోయింది. దొర వెంట తిరుగుతూ మాటలు తర్జుమా చేసే దుబాసీ జోగయ్య పంతులు అప్పటికే చెట్టెక్కి ఉన్నాడు.

"దొరగారికి ముందు బొమ్మ, తర్వాత ప్రాణం. మనకలా కుదరదు కదండీ!" అన్నాడు పైనుంచి.

దొర బొమ్మల గురించి ఒక సంగతి చెప్పాలి. కంటికి కనిపించింది కనిపించినట్టు వేస్తే ఆయనకు నిద్ర పట్టదు. కొండ పొట్టిగా ఉంటే పైకి లాగేవాడు. చెట్టు అడ్డమైతే పీకేసేవాడు. బొమ్మలోనే లెండి. సీమలో చిత్రకారులంతా అలాగే చేస్తారట, అదొక మర్యాదట. పటం దగ్గర మాత్రం వెంట్రుకవాసి తేడా రానిచ్చేవాడు కాడు.

అలా తిరుగుతూ మోదుగులగొంది అనే కొండరెడ్ల ఊరికి చేరాం. ముందు ఊరు, ఊరి వెనక ఏరు, ఏటికి అవతల అడవి. కూర్చుని బొమ్మ మొదలుపెట్టాడు. ముందు భాగం వెలితిగా ఉందనిపించింది. వెనకున్న ఏటిని ఎత్తి ముందుకు తెచ్చేశాడు. గుడిసెల మీద పొగ మసక మసకగా ఉందని ఊరిని మొత్తం తీసేసి, అక్కడ పచ్చగా అడవి పెంచాడు. బొమ్మ అద్భుతంగా వచ్చింది, ఆ మాట కాదనను.

కొలతలు మొదలుపెట్టేలోగా మన్యపు జ్వరం తగిలి దొర మంచాన పడ్డాడు. పడవలో రాజమండ్రి చేర్చారు. నెలలు గడిచాక సర్కారు కచేరీలో కూర్చుని పటం పూర్తి చేయబోతే మోదుగులగొంది దగ్గర ఖాళీ. కొలతలు లేవు. ఎదురుగా గోడకు బొమ్మ వేలాడుతోంది. దాన్ని చూసి, తాను చేసిన చిలిపి పని తానే మరిచిపోయి, ఏటిని అలాగే పటంలోకి దించేశాడు. జ్వరం మతిని ఎంత తినేస్తుందో చూశారా!

ఆ పటం పట్టుకుని సర్కారు హుకుం వేసింది: ఏటికి అవతలిదంతా సర్కారు అడవి, అక్కడ మనిషన్నవాడు ఉండకూడదు.

హద్దురాళ్ళు పాతించడానికి పైదొర వచ్చాడు. వెంట మా దొర, పంతులు, పెట్టెలో నేను. ఆ పనవగానే మా దొరకు పెద్ద పదవి ఖాయమని అందరూ చెప్పుకుంటున్నారు. ఊరు ఊరంతా బయట నిలబడింది. కులపెద్ద పోయాక ఊరికి మాట చెప్పే అతని భార్య పల్లాల లచ్చమ్మ ముందుకొచ్చింది.

"మేం ఏటికి ఇవతలోళ్ళమే కదా బాబూ! మమ్మల్నెందుకు పొమ్మంటారు?"

పంతులు ఇంగ్లీషులో చెప్పాడు. పైదొర పటం మీద వేలితో కొట్టాడు. పటం ప్రకారం ఈ చోటు ఏటికి అవతలే ఉంది. పంతులు ఆ మాటను తెలుగు చేశాడు.

లచ్చమ్మ పైదొరను నెత్తి నుంచి పాదాల దాకా చూసింది.

"అయితే దొరగారు ఏరు దాటే వచ్చారన్నమాట. మరి బూట్లు తడవలేదేంటి?"

పైదొర తన బూట్లకేసి చూసుకున్నాడు. తళతళలాడుతున్నాయి. నాకైతే పెట్టెలో నవ్వాగలేదు. ఆయన మాత్రం తొణకలేదు. వరదకు ఏరు దారి మార్చుకుని ఉంటుంది, పటం గీసిననాటి ఏరే హద్దు, ఊరు లేవాల్సిందే అని, అంతే కదా అన్నట్టు మా దొర వైపు తిరిగాడు.

"ఊ అనేయండి దొరగారూ, పోయేదేముంది!" పంతులు చెవిలో గొణిగాడు.

ఊ అంటే పదవి దక్కుతుంది, ఊరు పోతుంది. మా దొర ముఖం సున్నంలా పాలిపోయింది. నాకూ భయమేసింది, అబద్ధం ఎందుకు?

తెలుగు పాఠాలు చెప్పిన మునిషీ దగ్గర నేర్చుకున్న గ్రాంథికంలో దొర మెల్లగా అన్నాడు: "ఏరు జరగలేదు. నేనే జరిపితిని. బొమ్మ అందముగా నుండవలెనని."

పంతులు నెత్తి బాదుకున్నాడు. దొరే మళ్ళీ ఇంగ్లీషులో చెప్పాడు.

"నీ అందం మండిపోనూ!" అంది లచ్చమ్మ.

పైదొర అరిచిన అరుపులు ఇక్కడ రాయను. చివరికి, ఇప్పుడే ఇక్కడే దిద్దమన్నాడు. నులకమంచం మీద పటం పరిచి, పాత నీలాన్ని చాకుతో గీకి, ఏటిని దాని చోట మళ్ళీ పారించాం. లచ్చమ్మ వంగి చూసింది.

"ఏరు సరేనయ్యా. మా ఊరేది?"

దొర నన్ను ఎర్రరంగులో ముంచి ఒక చుక్క పెట్టాడు.

"ఇంతేనా?"

"ఇంతియే."

"చిన్నదైతే చిన్నదే. చెరిగిపోకుండా గట్టిగా పెట్టు."

దొర పెట్టాడు. ఎంత గట్టిగా అంటే, నా వెంట్రుకలు విచ్చుకుపోయాయి. మళ్ళీ సన్నగీత గీయడం నావల్ల కాలేదు. పెద్ద పదవి దొరకూ రాలేదు. అయినా తాను పోయేదాకా నన్ను పారేయలేదు, పిచ్చి మారాజు.

ఇప్పుడు మ్యూజియంలో, అద్దాల పెట్టెలో ఉన్నాను. వచ్చినవాళ్ళంతా ఆయన బొమ్మల ముందు నిలబడి ఆహా ఓహో అంటారు. అన్నిటిలోనూ ఈ కుంచె ప్రాణం ఉందంటారు. అది మాటవరసకు. మోదుగులగొంది చుక్కలో మాత్రం నిజంగానే ఉన్నాను. నావి రెండు వెంట్రుకలు ఆ ఎరుపులో అతుక్కుని అక్కడే ఉండిపోయాయి.